మొక్కు పొట్టేలి రంగు

ఈశ్వరి ఏం ఉద్యోగం చేస్తుందో రొద్దం పక్కనున్న సొంత ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. హిందూపురంలో గది అద్దెకు తీసుకుని, బెంగళూరు కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుందని మాత్రం తెలుసు. అడిగితే కంప్యూటర్ పని అంటుంది. అంతకు మించి చెప్పడానికి ఆమెకే మొహమాటం. ఆమె చేసేది జూదం కంపెనీల పని. కాకపోతే ఆడించే పని కాదు, ఆపే పని.

యూరప్ అంతటికీ కలిపి ఆన్‌లైన్ జూదానికి ఒకే చట్టం లేదు. ఏ దేశం లైసెన్సు ఆ దేశానిదే. మాల్టాలో తీసుకున్న లైసెన్సు చూపించి జర్మనీలో దుకాణం తెరుస్తామంటే అక్కడి అధికారులు ఒప్పుకోరు. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో పందెం కాయకూడదు. జర్మనీలో మనిషి నెలకు ఇంతకు మించి జమ చేయకూడదని అన్ని సైట్లకూ కలిపి ఒక హద్దు ఉంది. స్వీడన్‌లో "నన్ను ఆడనివ్వకండి" అని ఒక్కచోట పేరు ఇచ్చుకుంటే చాలు, లైసెన్సు ఉన్న ప్రతి సైటూ తలుపు మూయాల్సిందే. అలా పేరు ఇచ్చుకున్నవాళ్ల ఖాతాలు నిజంగా మూతపడ్డాయో లేదో చూడటం, వాళ్లకు పొరపాటున కూడా బోనస్ ఇస్తామని ఊరించే మెసేజీలు పోకుండా ఆపడం ఈశ్వరి పని. ముక్కూ మొహం తెలియనివాళ్ల కొంపలు నిలబెట్టే ఈ పిల్లకు సొంత కొంప నిలబెట్టుకునే దారి మాత్రం దొరకలేదు.

తమ్ముడు మనోజ్ ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పనిచేసేవాడు. చీర మడత విప్పి తన భుజం మీదే వేసుకుని చూపించేవాడు. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా కొనుక్కుని పోయేవారు. అంత మాటకారి. అలాంటివాడు ఫోన్‌లో ఏదో చక్రం తిప్పే ఆటలో పడ్డాడు. జీతం పోయింది. చనిపోయిన తల్లి వాడి పెళ్లికని దాచిన కమ్మలు పోయాయి. చివరికి తండ్రి దాసప్ప మందలో గొర్రెలు తగ్గసాగాయి.

దాసప్ప కోపిష్టి కాదు. గొర్రె తప్పిపోతే నోరు చేసుకోకుండా వెతుక్కునే మనిషి. ఒక ఆదివారం ఈశ్వరి ఇంటికి వచ్చినప్పుడు దొడ్డి పక్కన కూర్చుని అడిగాడు.

"ఏమ్మా, నువ్వు జేసేది జూదం ఆపే పనంట గదా. మనోజ్ చెప్పినాడు. ఎట్లా ఆపుతారు?"

ఎదురుగా బీరప్ప దేవుడికి విడిచిన మొక్కు పొట్టేలు నెమరు వేస్తోంది, వీపు మీద ఎర్ర రంగుతో. ఆ రంగు చూస్తే హిందూపురం సంతలోనైనా పెనుకొండ సంతలోనైనా వ్యాపారులెవరూ దాని మీద చెయ్యి వేయరు. దేవుడి సొమ్మని పక్కకు తప్పుకుంటారు.

"మన మొక్కు పొట్టేలు మాదిరే నాయనా. ఒకసారి రంగు పడితే ఇంక ఏ సంతలోనూ ముట్టరు గదా, మనిషి పేరు గూడా అంతే. జర్మనీలో అయితే కన్నోళ్లు గూడా అడగచ్చు, మా వాన్ని ఆపండని."

దాసప్ప ముఖం విప్పారింది. "అయితే మనోజ్ పేరు గూడా రాయి తల్లీ. నీ చేతిలో పనే గదా."

"మనకు అట్లాంటిది లేదు నాయనా. ఈడ ఆ ఆటలే ఉండకూడదని చట్టం. వాడు ఆడేది యాడో దీవి నుంచి దొంగగా నడిపేది. వాళ్లకు ఈడ లైసెన్సూ లేదు, అడిగేవాడూ లేడు."

"ఉండకూడని ఆట ఎట్లా ఆడతాండాడమ్మా మరి?"



ఆ వారంలోనే మనోజ్ హిందూపురం వచ్చి అక్క ముందు ఫోన్ పెట్టాడు. "నన్ను గూడా మూసెయ్యక్కా. నా వల్ల కావడం ల్యా" అన్నాడు. ఇద్దరూ కూర్చుని ఆ సైటుకు రాశారు. ఖాతా మూసేశామని జవాబు వచ్చింది. మర్నాడే అదే ఆట ఇంకో పేరుతో, ఉచితంగా ఆడుకోమని మెసేజీ పంపింది. ఈశ్వరి ఇంక ఆ ఫోన్ తనే ఉంచుకుని, తమ్ముడికి బటన్ల ఫోన్ కొనిచ్చింది. వాడు బుద్ధిగా ధర్మవరం వెళ్లాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "ఈ పొద్దు గూడా ఆడలేదక్కా" అని చిన్నపిల్లాడిలా చెప్పేవాడు. ఆ మాట కోసం ఆమె ఎదురు చూసేది. తమ్ముడు తనకు దక్కాడనే అనుకుంది.

దాసప్పకు మాత్రం నిద్ర పట్టలేదు. కూతురు చెప్పిన రంగు ఆయన మనసులో పడిపోయింది. ప్రభుత్వం వేయకపోతే తనే వేస్తాననుకున్నాడు. కొడుకు తెచ్చిన గొర్రె కొనొద్దని హిందూపురం సంతలో గొర్రెల వ్యాపారులకు చెప్పాడు. వాడికి అప్పు ఇవ్వొద్దని పెనుకొండలో తెలిసిన ప్రతి అంగడికీ చెప్పాడు. ఆఖరున ధర్మవరం వెళ్లాడు. చీరల అంగట్లో పెళ్లివాళ్లు కూర్చుని ఉన్నారు. మనోజ్ భుజం మీద చీరతో వాళ్ల ముందు నిలబడి ఉన్నాడు.

"అయ్యా, నేను మనోజ్ నాయనను" అని యజమాని నారాయణస్వామికి చేతులు జోడించాడు దాసప్ప. "మా వానికి జూదం పిచ్చి. చేతికి దుడ్లు ఇయ్యద్దండి. వాని మాట నమ్మద్దండి."

మనోజ్ భుజం మీది చీర తీసి, అంచుకు అంచు కలిపి మడత పెట్టి, బీరువాలో దాని చోట దాన్ని పెట్టాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఆ సాయంత్రం ఈశ్వరికి ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చారు, చుట్టాలిళ్లన్నీ వెతికారు. వాడిని చూశామన్నవాళ్లే లేరు.

వానలు వచ్చి వెళ్లాయి. ఒక ఆదివారం దాసప్ప మళ్లీ దొడ్డి పక్కనే కూర్చుని, కూతురి ముఖం చూడకుండా అడిగాడు.

"ఆ దేశాల్లో పేరు రాపిచ్చుకుంటారే, వాళ్ల సంగతి ఊళ్లో అందరికీ తెలుస్తాదామ్మా?"

అబద్ధం ఈశ్వరి నోటి దాకా వచ్చింది. ఈ మనిషితో ఏనాడూ అబద్ధమాడలేదు.

"లేదు నాయనా. ఎవరికీ తెలీదు. పనిచేసే చోట తెలీదు, చుట్టాలకు తెలీదు. ఆట తెరవబోతే తెరుచుకోదు, అంతే. పేరు దాచిపెట్టడం గూడా వాళ్ల చట్టమే."

దాసప్ప పొట్టేలు వైపు చూశాడు. "నేను రంగు అందరికీ కనపడేట్టు ఏస్తి గదమ్మా" అన్నాడు. భార్య పోయినప్పుడు కూడా ఏడవని మనిషి తలగుడ్డలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. పొట్టేలు మాట ఎత్తింది తనేనని ఈశ్వరికి గుర్తొచ్చింది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.

ఇప్పుడు దాసప్ప మళ్లీ ఆ మూడు ఊళ్లూ తిరుగుతున్నాడు. ముందు చెప్పిన అంగళ్లకే, అదే వరసలో. గొర్రెలు అమ్మడానికి వచ్చాడేమోనని పలకరిస్తారు వ్యాపారులు. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడతాడు.

"మా వాడు మంచోడప్పా. ఆ పొద్దు నేనే తప్పు చెప్పినా. యాడన్నా కనపడితే ఈ మాట వానికి చెప్పండి."