ముందు సీటు

స్టాండులో అతన్ని అందరూ పెద్దబండి అనే పిలిచేవారు. అద్దెకు తిప్పే కార్లలో అంత పొడుగుది అతనిదొక్కటే. పెట్రోలు చౌకగా ఉన్న రోజుల్లో ఆ పిలుపులో కాస్త అసూయ వినిపించేది. ధర ఎక్కుతున్నకొద్దీ అది ఎగతాళిగా మారింది. "ఏం పెద్దబండీ, ఇవాళ దానికి తాగించావా, నువ్వు తిన్నావా?" అని పక్క డ్రైవరు అడిగేవాడు. పల్లంలో ఇంజను ఆపి జార్చడం, ఎండలోనూ ఏసీ వెయ్యకపోవడం, అన్నీ అయ్యాయి. కిరాయికొచ్చిన వాళ్లు మాత్రం అతని కారు దాటుకుని చిన్నబళ్ల వైపే నడిచేవారు.

అమ్మేయమన్నది అన్నయ్యే. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఎప్పుడో తగిలిన దెబ్బకి ఒక మోకాలు వంగదు. రోజూ పొద్దున తమ్ముడి పక్కన కాలు బారచాపుకుని కూర్చుని, దారి పొడుగునా అతని డ్రైవింగుకు వంకలు పెడుతూ వెళ్లి దుకాణం ముందు దిగేవాడు.

"ఇంకెన్నాళ్లు మేపుతావురా ఈ ఏనుగుని? వదిలించుకో," అన్నాడు ఒకరోజు.

తమ్ముడు కాళ్లరిగేలా తిరిగి ఒక చిన్న కారు ఎంచుకున్నాడు. లీటరుకు ఎంత దూరం వస్తుందో, డిక్కీలో పెట్టెలు పడతాయో లేదో, వెనక ముగ్గురు ఇరుక్కోకుండా కూర్చోగలరో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ముందు సీటు ఒక్కటే చూడలేదు. పాత కారులో ఆ సీటుని అన్నయ్య కోసం చివరిదాకా వెనక్కి తోశాడు. అది అక్కడే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఏ కారుకైనా ముందు అంత చోటు ఉంటుందనే అతని మనసులో పడిపోయింది.

కొత్త కారు వచ్చిన మర్నాడు అన్నయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. సీట్లో కూర్చోగలిగాడు గానీ కాలు లోపలికి రాలేదు. తమ్ముడు మీట లాగి సీటు తోశాడు. అది ఇక కదలనంది. పోనీ వెనక అడ్డంగా కాలు చాపుకోమన్నాడు.

"రోగిని మోసుకెళ్లినట్టా?" అన్నాడు అన్నయ్య.

"పట్టదని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా అన్నయ్యా."

"చెప్తే కొనేవాడివి కాదు. ఆ ఏనుగునే మేపుతూ, లోపల్లోపల నా కాలిని తిట్టుకునేవాడివి."

తిట్టుకునేవాణ్ణి కాదని తమ్ముడు అనబోయాడు. వంగి సీటు మీట మళ్లీ ఒకసారి లాగి చూశాడు.

ఇప్పుడు స్టాండులో అతనికి ప్రత్యేకంగా పేరేమీ లేదు, అందరివీ చిన్నబళ్లే. పొద్దున బస్టాపు ముందు నుంచే వెళ్తాడు. అన్నయ్య స్తంభం పట్టుకుని నిలబడి ఉంటాడు. కారు దగ్గరకు వచ్చేసరికి చేతి గడియారం వంక చూసుకుంటాడు. అది దాటిపోయేదాకా తల ఎత్తడు.

నిన్న సరిగ్గా అక్కడే, వెనక కూర్చున్నాయన బండి బావుంది, పెట్రోలు బాగా కలిసొస్తుందా అని అడిగాడు.

కలిసొస్తుందన్నాడు అతను.