గొంతు కింది గుంత

నా చిన్నప్పుడు పొద్దున్నే నన్ను నిద్రలేపేది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం. కాశిబుగ్గలో మాది మగ్గం ఇల్లు. ముందు గదిలోనే గుంట మగ్గం, ఆ గదిలోనే గోడవారగా మా పక్కలు. తెల్లవారకముందే తాతయ్య గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేత మొదలుపెట్టేవాడు. ఆ టకటకల్లో నేనూ చెల్లె హాయిగా పడుకునేవాళ్లం. మగ్గం ఆగితే మాత్రం కళ్లు తెరుచుకునేవి. ఆగిందంటే ఎక్కడో పోగు తెగిందన్నమాట.

ఇంతా చేసి ఆ చప్పుడు తాతయ్యకు మాత్రం వినపడేది కాదు. వయసులో ఉన్నప్పుడు భివండికి పోయి పవర్లూముల మధ్య ఇరవై ఏళ్లు పనిచేశాడట. చెవులు అక్కడే పోయాయి. తిరిగొచ్చి మళ్లీ చేతిమగ్గం మీద కూర్చున్నాడు. నేను చెప్పబోయే రోజులకు మా బాపు అదే భివండిలో ఉన్నాడు. ఇంట్లో తాతయ్య, నాయినమ్మ, అమ్మ, మూడో తరగతి చదివే నేను, రెండేళ్ల చెల్లె. తాతయ్య తనకు తాను వినపడాలని కాబోలు, గట్టిగా మాట్లాడేవాడు. ఉప్పు అడిగినా వాడంతా వినేది. మనం ఒక మాట చెప్పాలంటే ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ నాలుగుసార్లు చెప్పాలి. నాయినమ్మకు విసుగొచ్చేది. బజారుకు పొమ్మంటే వినపడని చెవులకు అన్నం గిన్నె మూత తీస్తే ఎట్లా వినపడుతుందని ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నిజంగా వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో తెలిసేది కాదు.

చెవులు పోయాక ఆయనకు కళ్లు రెండింతలయ్యాయని మా అమ్మ అంటుండేది. అది నిజం. వందల పోగుల్లో ఒకటి జర వదులైతే చాలు, చెయ్యి అక్కడికి పోయేది. బడి నుంచి వచ్చాక నేను చరఖా తిప్పి దారాన్ని కండెలకు చుట్టేదాన్ని. ఆ కండెను నాడెలో పెడితే, నాడె అటూ ఇటూ ఉరుకుతూ బట్ట నేస్తుంది. నేను పక్కన కూర్చుని ఆ ఉరుకులాటే చూస్తుండేదాన్ని. ఎవరైనా దాన్నే చూస్తారు, చప్పుడు చేసేది అదే కాబట్టి. తాతయ్య నా గడ్డం పట్టుకుని మొహం కిందికి వంచేవాడు. ఉరికేదాన్ని కాదు, బట్టను చూడమనేవాడు. తప్పు పడితే అక్కడ కనబడుతుందట. అది నేత పాఠం అనుకున్నాను అప్పుడు.

ఆ చలికాలం చెల్లెకు జలుబు చేసింది. రెండు రోజులు ముక్కు కారింది, ఒళ్లు కొంచెం వెచ్చబడింది. మూడో రోజు సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. నన్ను 'అక్కా' అని పిలిస్తే ముసలాయన పిలిచినట్టుంది. నాకు నవ్వు ఆగలేదు. మళ్లీ పిలువు, మళ్లీ పిలువు అని పది సార్లు పిలిపించుకుని నవ్వాను. అదే ముందు గుర్తు అని తెలిస్తే నవ్వేదాన్ని కాదు.

రాత్రి అందరం పడుకున్నాక ఇంట్లోకి కుక్క దూరిందని నాకు మెలకువ వచ్చింది. నా పక్కనుంచే మొరుగుతోంది. భయపడి చూస్తే మొరుగుతున్నది మా చెల్లె. అది దగ్గులా లేదు. ఖంగు ఖంగున, చిన్న ఒళ్లంతా ఎగిరిపడేలా. దగ్గుకూ దగ్గుకూ మధ్య గాలి పీల్చుకునేటప్పుడు కిర్రుమని సన్నని గీత లాంటి చప్పుడు. అమ్మ లైటు వేసింది. నాయినమ్మ చెల్లెను ఎత్తుకుంది.

ఇక్కడ మావాళ్లు ఒక తప్పు చేశారు. అది మగ్గం ఇళ్లవాళ్లు మాత్రమే చేసే తప్పు. చెల్లె పగలంతా చరఖా కింద పడే దారపు ముక్కలు ఏరుకుని నోట్లో పెట్టుకునేది. ఎన్నిసార్లు తీసినా మళ్లీ పెట్టుకునేది. అందుకే నాయినమ్మకు రెండో ఆలోచన రాలేదు. పోగు మింగింది, గొంతులో అడ్డం పడ్డది అంది. అమ్మ కూడా నమ్మింది. ఆ ఇంట్లో ఎవరైనా నమ్ముతారు. నాయినమ్మ చెల్లె దవడలు నొక్కి నోట్లో వేలు పెట్టి వెతికింది. చెల్లె గింజుకుని ఏడ్చింది. ఏడ్చినకొద్దీ ఆ కిర్రు ఎక్కువైంది. పోగు దొరకలేదు. అన్నం ముద్ద మింగిస్తే దిగిపోతుందని అమ్మ తెచ్చింది, చెల్లె ఉమ్మేసింది. వీపు మీద చరిచారు. ఆవిరి పడదామని అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టింది. తాతయ్య మాత్రం గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. పాపం, ఆయన ప్రపంచంలో ఆ రాత్రి ఇంకా ఏమీ జరగలేదు.

కాసేపటికి దగ్గు తగ్గింది. ఏడుపూ ఆగింది. చెల్లె నాయినమ్మ భుజం మీద తలవాల్చేసింది. పోగు దిగిందని నాయినమ్మ పైకి చూసి దండం పెట్టుకుంది. అమ్మ పొయ్యి ఆర్పింది. నాకు కూడా ప్రాణం కుదుటపడింది. చప్పుడు ఆగితే పోగు తెగినట్టని పుట్టినప్పటినుంచీ తెలిసిన ఇల్లు మాది. అయినా ఆ రాత్రి చప్పుడు ఆగగానే అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు లేచాడు తాతయ్య. ఇటువైపు ఒత్తిగిల్లగానే లైటు కంట్లో పడి లేచాడు. ఎందుకు లైటు వేశారని విసుక్కుంటూ వచ్చి, నాయినమ్మ భుజం మీది చెల్లెను చూసి ఆగిపోయాడు. చెల్లెను తన చేతుల్లోకి తీసుకుని, మగ్గం గట్టు మీద కూర్చుని, తన పొట్టకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టుకున్నాడు. స్వెటర్ గుండీలు విప్పి అంగీ పైకెత్తాడు. నన్ను బ్యాటరీ లైటు తెమ్మని సైగ చేశాడు. నేను లైటు పట్టుకుంటే చాలాసేపు చూశాడు. తర్వాత నా వేలు పట్టుకుని చెల్లె గొంతు కింద, రెండు ఎముకల నడుమ ఉండే గుంత దగ్గర ఆనీ ఆననట్టు పెట్టాడు.

చెల్లె ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుంత లోపలికి పోతోంది. లోపల ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు పోతోంది. పక్కటెముకల మధ్య చర్మం కూడా అంతే. దగ్గు లేదు, ఏడుపు లేదు, ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఆ గుంత మాత్రం ఆగకుండా లోపలికి పోతోంది.

"దగ్గు తగ్గింది, పండుకోనియ్యి పొల్లను. పొద్దుగాల పోదాం" అంది నాయినమ్మ, చేతులు తిప్పుతూ.

"నాకు దగ్గు ఇనవడదు" అన్నాడు తాతయ్య. "ఈ గుంత కనవడుతాంది. గాలి కోసం గుంజుకుంటాంది పొల్ల. నడువు బిడ్డా, దవాఖానకు పోదాం."

ఆ చివరి మాట మా అమ్మతో. ఆ మాటలు ఆయన మెల్లగా అన్నాడు. తాతయ్య గొంతు తగ్గించి మాట్లాడగలడని నాకు ఆ రాత్రే తెలిసింది. చెల్లె ఉలిక్కిపడకూడదని ఆయనకు ఎట్లా తోచిందో. అమ్మ ఒక్క క్షణం అత్తవైపు, ఒక్క క్షణం మామవైపు చూసింది. బాపు ఉంటే ఆయన మీద వదిలేసేదేమో. లేడు కాబట్టి చెప్పులు వేసుకుని, రెండిళ్ల అవతల ఉండే ఆటో మామను లేపడానికి పోయింది.

ఆటోలో నాయినమ్మ చలి తగులుతుందని చెల్లెను నెత్తినుంచి కప్పబోయింది. తాతయ్య దుప్పటిని గుండె దాకా దించి, మొహం గాలికి వదిలేశాడు. దారిలో చెల్లె ఏడుపు మొహం పెట్టినప్పుడల్లా జేబులోంచి ఖాళీ కండె తీసి, తన ముక్కు మీద నిలబెట్టి, కింద పడేసి, పోయిందే అన్నట్టు మొహం పెట్టేవాడు. బయలుదేరేముందు ఆ కండె ఎప్పుడు జేబులో వేసుకున్నాడో ఎవరం చూడలేదు. ఇంట్లో అంతమందిమి ఒక పిల్లను ఏడిపించాం. ఆయన ఒక్కడు పోచమ్మ మైదాన్ దాటి దవాఖాన చేరేదాకా ఏడవనియ్యలేదు.

దవాఖానలో ఉన్న డాక్టరమ్మ చెల్లెను తాతయ్య ఒళ్లోంచి తీయలేదు. అట్లాగే ఉంచి పరీక్ష చేసింది. గొంతులో పోగుందేమో చూడమని నాయినమ్మ అడిగితే వద్దంది. గొంతులో వేలూ చెంచా పెట్టడం ఇలాంటప్పుడు ప్రమాదమట. ఒక తాగే మందు పోసి, మాస్కుతో పొగలాంటి మందు పట్టింది. గంట గడిచేసరికి ఆ గుంత లోతు తగ్గడం నేను కళ్లారా చూశాను. నాకు ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుసు కదా.

తెల్లారేదాకా మమ్మల్ని అక్కడే ఉంచారు. డాక్టరమ్మ తీరిక దొరికాక వచ్చి కూర్చుని మాకు చెప్పింది. దీన్ని క్రూప్ అంటారట. మామూలు జలుబే కిందికి దిగి, గొంతులో స్వరపేటిక దగ్గర వాపు తెస్తుందట. చిన్నపిల్లలకు అక్కడ గాలి పోయే దారి సన్నగా ఉంటుంది కాబట్టి కుక్క మొరిగినట్టు దగ్గు, బొంగురు గొంతు. రాత్రిపూట ఎక్కువవుతుందట. చాలామందికి రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, పిల్లను కూర్చోబెట్టి ఏడవకుండా చూసుకుంటే చాలు అంది. కానీ ఊరికే ఉన్నప్పుడు కూడా గాలి పీలిస్తే కిర్రుమంటున్నా, గుంతా పక్కటెముకలూ లోపలికి పోతున్నా, పెదవులు నీలం తిరిగినా, చొంగ మింగలేకపోతున్నా, పిల్ల మత్తుగా వాలిపోతున్నా ఒక్క నిమిషం ఆగొద్దంది. ఆవిరి పట్టడం వల్ల లాభం లేదు, వేడినీళ్లు మీద పడి పిల్లలు కాలిపోతారు అని కూడా చెప్పింది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దగ్గు తగ్గాక కూడా తెచ్చారు, మంచి పనిచేశారు, ఎవరు చూశారని ఆమె అడిగింది. చప్పుడు తగ్గిందంటే బాగైనట్టు కాదట, పీల్చి పీల్చి పిల్ల అలసిపోయి ఉండొచ్చట. అమ్మ తాతయ్యను చూపించింది. డాక్టరమ్మ ఆయన్ను మెచ్చుకుంటూ చాలా చెప్పింది. ఆయన బుద్ధిగా తల ఊపుతూ విన్నాడు. ఆమె పోయాక నా వైపు వంగి, ఏమంటాంది, పైసలు ఎన్నంటాంది అని అడిగాడు. నాయినమ్మ ఆ రాత్రి మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని చరఖా కింద చీపురు పెట్టి ఒక్క దారపు ముక్క లేకుండా ఊడ్వడం. పోగు కాదని డాక్టరమ్మ చెప్పింది కదా అని అమ్మ అంటే, ఎందుకైనా మంచిదంది. తర్వాత తాతయ్యకు చాయ్ తెచ్చి ఎదురుగా నిలబడింది. ఈసారి ఏమీ ఎత్తిపొడవలేదు. ఆయన చాయ్ తాగి మగ్గం గుంటలోకి దిగాడు. ఆ రోజు నేను బడికి పోలేదు. పక్కన కూర్చుని, గుంత చూడాలని నీకెట్లా తెలుసని చేతులు తిప్పుతూ అడిగాను. ఆయన తెగిన పోగొకటి ముడేసి మళ్లీ నేత అందుకున్నాడు. వినపడలేదేమో అనుకున్నాను.

"మీరంత సప్పుడును జూసిన్రు" అన్నాడు చివరికి. "నేను పొల్లను జూసిన."

తాతయ్య పోయి ఆరేళ్లవుతోంది. చెల్లె హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఫోనెత్తితే అరగంట వదలదు, ఆ గొంతులో ఎప్పుడో గాలి ఆడలేదంటే ఎవరూ నమ్మరు. నేను మాత్రం భయస్తురాలినయ్యాను. మా బాబుకు రెండున్నరేళ్లు. వాడు తుమ్మితే ఫోనులో పది రకాల జబ్బులు చదువుతాను. మా ఆయన నా ఫోను దాచిపెట్టిన రోజులున్నాయి.

ఈ రాత్రి మా బాబు మొరిగాడు. రెండు రోజుల జలుబు, సాయంత్రం బొంగురు గొంతు. విన్న వెంటనే తెలిసిపోయింది. తెలిసినా ఆ దగ్గు గదంతా నిండిపోయి నన్ను ఏమీ ఆలోచించనివ్వలేదు. వాణ్ని వాళ్ల నాన్న పొట్టకు ఆనించి కూర్చోబెట్టి, లైటు ఆయన చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని అంగీ విప్పాను. ఎట్లా తోచిందో తెలియదు, రెండు చేతులతో నా చెవులు మూసుకున్నాను. ఒక నిమిషం పాటు తాతయ్యలా చూశాను. గుంత నిమ్మళంగా ఉంది. పక్కటెముకలు నిమ్మళంగా ఉన్నాయి. పెదవులు ఎర్రగా ఉన్నాయి. వాడు నా చెవుల మీది చేతులు చూసి ఆట అనుకుని నవ్వి, తనూ చెవులు మూసుకున్నాడు.

తర్వాత చేతులు తీసి విన్నాను. ఊరికే ఉన్నప్పుడు ఊపిరిలో కిర్రు లేదు. పొద్దున డాక్టరుకు చూపిస్తాను. గుంత లోపలికి పోతే పొద్దుటిదాకా ఆగను, బ్యాగు తలుపు దగ్గరే ఉంది. ఇప్పుడు వాడు నా ఒళ్లో తల ఎత్తుగా పెట్టుకుని నిద్రపోతున్నాడు. నేను నాలుగు వాక్యాలు రాసి ఒకసారి వాడి గొంతు కిందికి చూస్తున్నాను, మళ్లీ నాలుగు వాక్యాలు రాస్తున్నాను. మధ్యలో వాడు దగ్గుతున్నాడు. దగ్గనివ్వండి. నేను వాణ్ని చూస్తున్నాను.