ఇల్లంద దగ్గర ఆగిన ఆపరేషన్

2023 వానాకాలం. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో, మెదడు ఆపరేషన్లు చేసే థియేటర్లో నేను స్టాఫ్ నర్సుని. నా పేరు షాహీన్. షాహీన్ సిస్టర్‌కు నోరెక్కువని వార్డంతా అంటారు. అననీ. ఈ కేసులో ఆ నోరే పనికొచ్చింది.

కొమురయ్య వరంగల్-తొర్రూరు బస్సు కండక్టరు. టికెట్లు కొడుతూ కొడుతూ మాట ఆగిపోయి, ఫిట్స్ వచ్చి బస్సులోనే పడిపోయాడు. స్కానింగ్ తీస్తే ఎడమవైపు, మాటను నడిపించే భాగం పక్కనే ట్యూమర్, అంటే గడ్డ, కనిపించింది. తీయకపోతే మొదట మాట పోతుంది, తర్వాత ప్రాణం. అయినా ఆపరేషన్‌కు అతను ససేమిరా అన్నాడు. ఒకరి మెదడు ఇంకొకరికి పెట్టే ప్రయోగాలంటూ డిపోలో ఎవరో ఫోన్లో వీడియో చూపించారట.

"మెదడుల చెయ్యి పెట్టినంక లేచేది నేనేనా చెల్లె? ఇంకెవడో నా మీసం పెట్టుకొని నా ఇంటికి పోతే?"

నవ్వొచ్చింది గానీ, అతని కళ్ళలో భయం చూసి ఆపుకున్నాను.

తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచింది అక్క లచ్చమ్మ. ఆమె నన్ను వరండాలో పట్టుకుంది. "బిడ్డా, కిడ్నీ ఇచ్చినట్టు నా మెదడిస్త. ఆనికి పెట్టుండ్రి. నాకేంది, అరవై దాటినయి."

"అమ్మా, మెదడు మార్చుడు ఇప్పటిదాంక ఏ మనిషికీ కాలే. అయిందే అనుకో. నీ మెదడు ఆయన తలకాయల పెడితే, లేచి ‘నా తమ్ముడేడి’ అని అడిగేదెవరు?"

కాసేపు ఆలోచించి ఆమె నెత్తి కొట్టుకుంది. "ఓయమ్మో, నేనే గదా! మీసంతోని నేను లేస్త, తమ్ముడు మాయమైతడు! వద్దు బిడ్డా, వద్దు."

ఆ మాట పూర్తయిందో లేదో ఇంకోటి అందుకుంది. "గట్లయితే ఆనికి చెప్పకుంట మత్తిచ్చి కానియ్యుండ్రి. వేలిముద్ర నేనేస్త."

నాకు చర్రున కోపం వచ్చింది. "తలకాయ ఆయనది, వేలిముద్ర నీదా?" అన్నాను. కన్సెంట్ అంటే ఇంట్లోవాళ్ళ ఒప్పుకోలు కాదు. తెలివిలో ఉన్న రోగి అంతా అర్థం చేసుకుని, తనకు తానుగా సరే అనడం. రేపెప్పుడో మెదడు మార్చే రోజే వస్తే సరే అనాల్సింది ఒళ్ళిచ్చినవాళ్ళా, మెదడిచ్చినవాళ్ళా? నాకు తెలియదు. ఇక్కడ మాత్రం మనిషి ఎదురుగా ఉన్నాడు, అడిగితే జవాబు చెప్తున్నాడు.

వెళ్ళి కొమురయ్యకు ఏదీ దాచకుండా చెప్పాను. దీన్ని అవేక్ క్రేనియోటమీ అంటారు. పుర్రె తెరిచాక రోగిని మేల్కొలిపి మాట్లాడిస్తాం. డాక్టరు స్టిమ్యులేటర్‌తో మెదడు మీద అక్కడక్కడా సన్నటి కరెంటు తగిలిస్తాడు. మాట తడబడిన చోటును ఇక ముట్టుకోడు. మెదడుకు నొప్పి తెలియదు.

"నువ్వు మెలకువతోనే ఉంటవు కొమురన్నా. నువ్వు నువ్వే అని నువ్వే మాకు చెప్పుకుంట రావాలె. బొమ్మలు చూపిస్తం, పిల్లి, చెట్టు, పేర్లు చెప్తే చాలు."

"పిల్లిని చూసి పిల్లి అని ఎవడైనా అంటడు. నేను నా స్టాపులు చెప్త."

నాది తొర్రూరే. నర్సింగ్ చదివిన రోజులన్నీ ఆ రూట్లోనే తిరిగాను. తప్పు చెప్తే పట్టుకుంటానన్నాను. అతను మొదటిసారి నవ్వి, తన చేత్తోనే సంతకం పెట్టాడు.

థియేటర్లో పచ్చగుడ్డ కింద అతని ముఖం ఒక్కటే నాకు కనిపిస్తోంది. "వరంగల్... మామునూరు... పంతిని... ఇల్లంద..."

మాట ఆగిపోయింది.

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "నేనింకా ముట్టనే లేదే!"

యా అల్లా! అతని ముఖం దగ్గరికి వంగాను. "కొమురన్నా! ఇల్లంద తర్వాత ఏంది? చెప్పు!" పలుకు లేదు. ఒప్పించింది నేనే కదా, లచ్చమ్మకు ఏ ముఖంతో చెప్పాలి అనుకున్నాను.

అప్పుడు నెమ్మదిగా పెదాలు కదిలాయి. "జర ఆగు చెల్లె. ఎల్లవ్వ ఇంకా ఎక్కలే. కూరగాయల గంప పట్టుకొని ఉరికొస్తాంది."

"ఎవరా ఎల్లవ్వ?" అన్నాడు డాక్టరు.

"రోజూ లేటుగనే వస్తది సార్. ఇడిసిపెట్టి పోతే ఆమె కూరగాయలు ఎవరు కొంటరు? ...ఆఁ, ఎక్కింది. రైట్ రైట్!"

మాస్కుల వెనక థియేటరంతా పకపకా నవ్వింది. "రైట్ రైట్" అని డాక్టరు మళ్ళీ పనిలోకి వంగాడు. బస్సు తొర్రూరు చేరి వరంగల్‌కు తిరిగొచ్చేసరికి గడ్డ మొత్తం బయటికొచ్చింది, మాట మాత్రం చెక్కుచెదరలేదు.

ఐసీయూలో లచ్చమ్మ తమ్ముడి మంచం మీదికి వంగి అడిగింది. "నేనెవర్రా?"

"మా అక్కవు. నీ మెదడు నీ తాన్నే ఉందా, ఎవరికన్న ఇచ్చినవా?"

ఆమె ఏడుస్తూనే అతని భుజం మీద ఒక్కటిచ్చింది. నేనూ ఏడ్చాను, సంతోషంతో.

‘నేను’ అనేది మెదడులో ఏ మూల ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఇలాంటి ఆపరేషన్ ముందు ఇప్పుడు బొమ్మలు పక్కనబెట్టి, రోజూ ఏం చేస్తావు, ఎవరి కోసం ఆగుతావు అని అడుగుతాను. పేరూ ఊరూ ఎవరైనా అప్పజెప్పగలరు, ఎల్లవ్వ కోసం ఆగేది కొమురయ్య ఒక్కడే.

అతను మళ్ళీ డ్యూటీ ఎక్కాక ఒకసారి ఆ బస్సులోనే ఇంటికి వెళ్ళాను. ఇల్లందలో బస్సు ఆగి కదలదే! జనం సణుగుతున్నారు. అంతలో గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ రొప్పుతూ ఎక్కింది. కొమురయ్య నావైపు చూశాడు. అతను నోరు తెరిచేలోపే నేను గట్టిగా అరిచాను.

"రైట్ రైట్!"