తాతయ్య వాళ్ళమ్మ పుట్టిన ఊరు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఒకటే ధ్యాస. వాళ్ళమ్మ పుట్టిన ఊరేదో కనుక్కోవాలి, కాళ్ళు ఆడుతుండగానే ఒక్కసారి ఆ మట్టి మీద నిలబడి రావాలి. ఆవిడ వైపు వాళ్ళంతా ఏదో కరువులో చెల్లాచెదురైపోయారట. అడుగుదామంటే చెప్పే మనిషి లేదు. మేముండేది బొబ్బిలి దగ్గర. వాళ్ళమ్మానాన్నల పెళ్ళి మాత్రం శృంగవరపుకోట అవతల, కొండల కిందున్న ఒక పాత చర్చిలో జరిగిందని ఆయనకు తెలుసు.

ఆ చర్చిలో పాత పెళ్ళిళ్ళ రిజిస్టర్లు ఇంకా ఉన్నాయని విని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. అప్పటి ఫాదరుగారిది కేరళ. చెదలు తిన్న పేజీలు ఓపిగ్గా తిప్పి, ఏ కాలంలోనో ఒక విదేశీ ఫాదరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన పెళ్ళి వివరం చదివారు. పెళ్ళికొడుకు పేరూ ఊరూ సరిపోయాయి. పెళ్ళికూతురి ఊరు దగ్గర 'కన్నరూర్' అని ఉందన్నారు. తమ రాష్ట్రంలో కన్నూరు ఉంది గానీ ఇదెక్కడిదో తెలీదని నవ్వారు. తాతయ్య నవ్వలేదు.

ఆ తర్వాత చూడాలి ఆయన తిరుగుడు. ఊరి పేరులో 'కన్న' అని వినబడితే చాలు, బస్సెక్కేవారు. వెళ్ళిన ప్రతిచోటా ముసలివాళ్ళు మజ్జిగ ఇచ్చి, అలాంటి ఆడపిల్ల మా ఊళ్ళో పుట్టలేదని చెప్పి పంపేవారు. నాయనమ్మ సణిగేది. ఆయన వినిపించుకునే రకం కాదు.

ఒక పొద్దున్న పక్కింటి అక్క మా ఇంటికొచ్చింది. ఆ ఏడే మా వీధికి కోడలిగా వచ్చిన పిల్ల. తాను లేనప్పుడు తన కోళ్ళను కాస్త చూడమని నాయనమ్మతో చెబుతోంది. అరుగు మీదున్న తాతయ్య, ఏ ఊరు ప్రయాణమని మాటవరసకు అడిగారు.

"కన్నోరూరు ఎల్తన్నాను తాతా."

తాతయ్య కళ్ళజోడు తీసేశారు. మళ్ళీ చెప్పమన్నారు. అక్క మళ్ళీ అదే చెప్పింది. ఆ ఊరికి పేరు లేదా అని అడిగారు.

"ఉండకేటి? కొత్త పెళ్ళికూతుర్ని నీదే ఊరంటే ఏటి సెప్తాది తాతా, కన్నోరూరనే సెప్తాది. పేరు కావాలంటే పేరే అడగాల."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా తాతయ్య పని. కన్నవాళ్ళుండే ఊరు అని ఆ సిగ్గరి పెళ్ళికూతురు చెబితే, భాష రాని ఫాదరు అదే ఊరి పేరనుకుని, వినబడినట్టు రాసుకున్నాడు. నాయనమ్మ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ తాతయ్య ముఖం చూసి ఆగిపోయాను. ఆయన ఏడుస్తున్నారు.

"ఆ దొరకి మన బాస రాదు. నాకొచ్చు గదా," అన్నారు. "మా కన్నోరూర్లో అదుండీది, ఇదుండీదని మాయమ్మ సెప్తానే ఉండీది. మీసాలొచ్చినదాకా ఇన్నాను. ఆ ఊరి పేరేటమ్మా అని నానూ అడగనేదు."

అక్క ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఆమె దాని సంగతి ఎత్తకుండా అరుగు మీద కూర్చుని, పేరు పోతే పోయింది, ఆ ఊళ్ళో ఏమేం ఉండేవో చెప్పమంది. తాతయ్య చెప్పారు. పనసచెట్లు, వానాకాలంలో పొంగి దాటనివ్వని గెడ్డ, కోపిష్టి మేనమామ. మధ్యాహ్నందాకా చెప్పారు. ఆ ఊరు చూడకుండానే ఆయన పోయారు.

నాకిప్పుడు మనవలున్నారు. మా ఇంటికి ఏ కోడలొచ్చినా ముందు ఊరి పేరు అడుగుతాను, తర్వాత వాళ్ళమ్మ పుట్టిన ఊరి పేరు. ముసలమ్మకు చాదస్తమని పిల్లలు వెనక నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మొన్న చిన్న మనవడి పెళ్ళాం, అమ్మ పుట్టిన ఊరు తనకు తెలీదంది. ఎప్పుడూ అడగలేదట.

వాళ్ళమ్మ బతికే ఉంది. ఫోను ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఇప్పుడే చెయ్యమన్నాను.