బతికున్న పాస్‌పోర్టు

మా ఆయన ఒక బతికున్న పాస్‌పోర్టును చంపేశారు. దానికి ఇంకా యాభై రోజులకు పైగా ఆయుష్షు ఉంది. రోగం లేదు, నొప్పి లేదు. ఎందుకైనా మంచిదని చంపేశారు. "ఎందుకైనా మంచిది" అనే మనిషిని కంప్యూటరు ముందు ఒంటరిగా వదలకూడదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పాస్‌పోర్టు మా అమ్మాయిది. మేమిద్దరం కిల్లార్నీలో ప్రమాణం చేసి ఐరిష్ పౌరులమయ్యాక, దానికి పదమూడో ఏట వచ్చింది. పెద్దవాళ్ళకి పదేళ్ళు ఇస్తారు, పిల్లలకి ఐదేళ్ళే. ఇప్పుడు పిల్లకి పద్దెనిమిది నిండాయి. ఐర్లండ్‌లో ఎన్నిస్ అనే చిన్న ఊళ్ళో పెరిగింది కదా, ఆవులూ గుర్రాలూ తప్ప వేరే లోకం లేదు. పశువుల డాక్టరవుతానంది. ఐర్లండ్‌లో ఆ సీటుకి కావలసిన మార్కులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని ఇక్కడి పిల్లలు చాలామంది పోలండో హంగరీయో వెళ్ళి ఇంగ్లిషులోనే చదువుకుని వస్తారు. పోలండ్‌లో ఒక విశ్వవిద్యాలయం దీన్ని ఇంటర్వ్యూకి పిలిచింది. మార్చిలో ఒక గురువారం, పొద్దున పది గంటలకి. మనిషి స్వయంగా వచ్చి కూర్చోవాలి. ఇంకో తేదీ ఇవ్వరు. ఆ రోజు అక్కడ లేకపోతే ఏడాది పోయినట్టే.

ఇక్కడ నియమమేమిటో చెప్పాలి, గొడవంతా దాని మీదే కాబట్టి. ఐరోపా సమాఖ్యలో, అదే ఈయూలో, ఒక దేశపు పౌరులు ఇంకో ఈయూ దేశానికి వెళ్ళాలంటే చెల్లుబాటయ్యే పాస్‌పోర్టో గుర్తింపు కార్డో ఉంటే చాలు. వెళ్ళే రోజున, వచ్చే రోజున అది బతికి ఉండాలి, అంతే. ఆరు నెలలుండాలి, మూడు నెలలుండాలి అనేవన్నీ బయటి దేశాలవాళ్ళకి. ఇది నేను కల్పించింది కాదు. ప్రభుత్వం వాళ్ళ పేజీలో రాసి ఉంటే చదివాను, చదివి వినిపించాను, మా ఆయన ఫోనుకి పంపించాను. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టారు. చదివారని కాదు ఆ బొమ్మకి అర్థం.

ఆయన తప్పు మాత్రమే అనను. పదిహేనేళ్ళు ఇండియన్ పాస్‌పోర్టు మీద తిరిగినవాళ్ళం. పారిస్ చూడాలన్నా మూడు నెలల జీతం కాగితాలు, కంపెనీ ఉత్తరం, పెళ్ళి సర్టిఫికెట్టు, హోటల్ బుకింగు, వెనక్కి వచ్చేస్తామన్న హామీ. పాస్‌పోర్టుకి ఆరు నెలలు లేకపోతే కౌంటరు దగ్గరికే రానిచ్చేవారు కాదు. ఆ భయం ఎముకల్లోకి దిగింది. ప్రమాణం చేస్తే పౌరసత్వం మారుతుంది, ఎముకలు మారవు. పైగా ఆయన లిమరిక్‌లో వైద్య పరికరాల కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగి. రోజంతా తప్పులు వెతకడమే పని.

నిప్పు రాజేసింది మాత్రం లిమరిక్‌లో జరిగిన ఒక గృహప్రవేశం. కొత్త ఇంట్లో ఇండక్షన్ పొయ్యి మీద పాలు పొంగించి, పులిహోర వడ్డిస్తూ ఆ ఇంటావిడ అడిగింది.

"పశువుల డాక్టరా వదినా? మనుషుల డాక్టర్ సీటు ట్రై చెయ్యలేదా పాప?"

"మనుషుల కంటే పశువులు నయమనుకుందమ్మా. ఫంక్షన్లకి వచ్చినప్పుడల్లా నాకూ అలాగే అనిపిస్తుంది."

ఆవిడ నవ్వేసి, "పాస్‌పోర్టుకి ఆరు నెలలున్నాయా మరి?" అంది.

"యాభై రోజులున్నాయి."

గరిటె గాలిలో ఆగిపోయింది. పక్కనే కూర్చుని తింటున్న ఒక పెద్దాయన, అందరికీ బాబాయి, ప్లేటు వదిలేసి నావైపు తిరిగాడు.

"అమ్మా, రిస్క్ తీసుకోకు. మా తోడల్లుడి కొడుకుని ఎయిర్‌పోర్టు నుంచే తిప్పి పంపేశారు. ఆరు నెలలకి నాలుగు రోజులు తక్కువని."

"ఎక్కడి ఎయిర్‌పోర్టు బాబాయిగారూ?"

"దుబాయ్."

"పాస్‌పోర్టు?"

"మనదే, ఇండియన్."

"దుబాయ్ ఎప్పుడొచ్చి పోలండ్ పక్కన కూర్చుందండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నువ్వు లా చదవాల్సిందమ్మా. కానీ ఎయిర్‌పోర్టులో లా పనిచెయ్యదు. కౌంటర్లో కూర్చున్నవాడు చెప్పిందే లా."

ఆ మాట మా ఆయన ప్లేటులో పడింది. తిరుగు ప్రయాణంలో ఎన్నిస్ దాకా రేడియో కూడా పెట్టలేదు.

ఆ పై శనివారం సాయంత్రం నేను పనినుంచి వచ్చేసరికి టీ పెట్టి ఉంది. అడక్కుండా ఆయన టీ పెట్టారంటే ఇంట్లో ఏదో పగిలి ఉండాలి.

"ఒక పని చేశాను. కోప్పడకు."

"చేసేశాక కోప్పడక ఇంకేం మిగిలింది నాకు? చెప్పండి."

"పాప పాస్‌పోర్టు రెన్యువల్‌కి పెట్టేశాం, ఆన్‌లైన్లో. పది పనిదినాల్లో వచ్చేస్తుందట. ఇంటర్వ్యూకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. హాయిగా పదేళ్ళ పాస్‌పోర్టుతో వెళ్తుంది. ఎందుకైనా మంచిది."

"మరి పాతది?"

"అలమారాలో భద్రంగా ఉంది."

ఆయన లాప్‌టాప్ లాక్కుని వచ్చిన మెయిలు తెరిచాను. దరఖాస్తు అందింది. ఇప్పుడున్న పాస్‌పోర్టు ఈ క్షణం నుంచి రద్దయింది, దానితో ప్రయాణం చెయ్యకూడదు. గట్టిగా చదివాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ తనూ చదివారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. పెద్దవాళ్ళ పాస్‌పోర్టు అడగడం ఇదే మొదటిసారి కాబట్టి అమ్మాయిని ఎరిగిన ఒక వృత్తి నిపుణుడితో గుర్తింపు ఫారం మీద సంతకం, ముద్ర వేయించి పోస్టులో పంపాలి. అది చేరాకే లెక్క మొదలు. మధ్యలో, అదీ సరిగ్గా ప్రయాణానికి ముందు రోజు, సెయింట్ పాట్రిక్ పండగ సెలవు.

మెట్లమీద కూర్చున్న అమ్మాయి తల పైకెత్తకుండా, "డాడ్ సేఫ్ అన్నాడు కదా మామ్. ఇట్ విల్ బీ గ్రాండ్" అంది. ఏం ఫర్వాలేదనడానికి ఇక్కడ గ్రాండ్ అంటారు. ఈ దేశంలో ఇల్లు అంటుకున్నా గ్రాండే.

ఆ రాత్రి కాదు, మర్నాడు పట్టపగలు అడిగాను. అరిచి కాదు, మెల్లగానే.

"నిజం చెప్పండి. అది వెళ్ళకూడదనే చేశారా?"

ఆయన చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్ళారు. ఆ రోజు చెత్తబండి వచ్చే రోజు కాదు.

సంతకం సంగతి చూద్దాం. నేను ఫార్మసిస్టుని. ఇలాంటి ఫారాల మీద సంతకం చెయ్యడానికి పనికొచ్చేవాళ్ళ జాబితాలో నా వృత్తి ఉంది. ఊళ్ళో ఎంతమందికో చేసిపెట్టాను. కన్నకూతురి ఫారానికి మాత్రం పనికిరాను, బంధువులు చెయ్యకూడదు. ఆ జాబితాలోనే పశువుల డాక్టర్లూ ఉన్నారు. అమ్మాయి శనివారాలు సాయం చేసేది ఊరి బయటున్న ఒక పెద్దాయన, పశువుల డాక్టరు దగ్గర. సోమవారం బడి వదిలాక ముగ్గురం అక్కడికే వెళ్ళాం.

ఆయన జీపు బానెట్ మీద ఫారం పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. తర్వాత మా ఆయన వైపు చూశాడు.

"పాతదానికి ఇంకా టైముందిగా, ఎందుకు మార్చారు?"

"ఆరు నెలల రూలు ఉంటుందేమోనని..."

"పోలండ్‌కా?"

"ముందు జాగ్రత్త."

పెద్దాయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను పోయిన వేసవిలో లిథువేనియా వెళ్ళొచ్చాను. నా పాస్‌పోర్టుకి వారం రోజులుంది. గడువు ఎంతుందని ఎవడూ చూడనైనా చూడలేదు."

నేను మా ఆయన వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. ఆయన నన్ను చూడటం లేదు. రబ్బరు బూట్లు వేసుకుని బకెట్లు కడుగుతున్న అమ్మాయి చేతుల్ని చూస్తున్నారు. దాని అరచేతిలో అడ్డంగా ఒక ఎర్రటి చార.

"ఏంటమ్మా అది?"

"తాడు, డాడ్. మొన్న ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగింది. లాగాం."

"నువ్వా?"

"పిల్ల మొండిది" అన్నాడు పెద్దాయన, ముద్ర వేస్తూ. "తల్లి పోలికనుకుంటా." అది మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఆ రెండు వారాలు మా ఇంట్లో మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. దరఖాస్తు ఎంతవరకూ వచ్చిందో చూపించే పేజీని ఆయన పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఆఫీసునుంచి ఒకసారి, నేను మందుల కౌంటరు వెనక నుంచి నాలుగుసార్లు చూసేవాళ్ళం. ఒకరు చూసినట్టు ఒకరికి చెప్పుకునేవాళ్ళం కాదు. ఫోను చేసి అడిగితే అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదండీ అంది. తప్పు మా ఇంట్లోనే జరిగినప్పుడు ఎవరితో దెబ్బలాడతాను?

రెండో ఆదివారం మా ఆయన అలమారాలోంచి పాతది తీసి తిరగేశారు.

"చూడ్డానికి బాగానే ఉంది. డేటు కూడా ఉంది. కొత్తది రాకపోతే ఇదే పట్టుకెళ్తే?"

"యాభై రోజులున్న పాస్‌పోర్టు చూసి దడుచుకున్నారు. ఇప్పుడు రద్దయిన పాస్‌పోర్టుతో పంపుతారా?"

"వాళ్ళకెలా తెలుస్తుంది?"

"సరిహద్దు తనిఖీల్లేని షెంగెన్ దేశాల్లో ఐర్లండ్ లేదండీ. మనం ఈయూ వాళ్ళమే అయినా అక్కడ దిగగానే ప్రతి పాస్‌పోర్టూ మిషన్లో పెట్టి చూస్తారు. పిల్లని అక్కడి పోలీసు గదిలో కూర్చోబెట్టాలనుందా?"

ఆయన దాన్ని మళ్ళీ లోపల పెట్టేశారు. నాకు జాలి వేయలేదు. కాస్త వేసింది, కానీ చూపించలేదు.

పండగ ముందు రోజు, సోమవారం, పోస్టు వచ్చే వేళకి ముగ్గురం వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాం. నేను సెలవు పెట్టాను, ఆయన ఇంటినుంచి పని అన్నారు, అమ్మాయి కడుపునొప్పి అని బడి మానేసింది. ఆ రోజు రాకపోతే ఇక రానట్టే. పదకొండూ నలభైకి పోస్టావిడ తలుపుకున్న ఉత్తరాల సందులోంచి కవరు తోసింది.

తీసీ తియ్యగానే, "ముందు మూడు జిరాక్సులు తీద్దాం, ఇలా ఇవ్వు" అన్నారు ఆయన. "ముందు టికెట్లో నంబరు మార్చాలి, ఇటివ్వండి" అన్నాను నేను. కవరు ఒక చివర ఆయన చేతిలో, ఇంకో చివర నా చేతిలో. అమ్మాయి మా ఇద్దరి మధ్యలోంచి పాస్‌పోర్టు లాగేసుకుంది.

"ఇది నాది. నేను ఒక్కదాన్నే వెళ్తాను."

"నా టికెట్టు కూడా కొన్నాం కదే" అన్నాను.

"నువ్వొస్తే అక్కడ ఎవరితోనో ఫైట్ పెట్టుకుంటావు మామ్. నీకు ఈ ఇంటర్వ్యూ కంటే డాడ్ రాంగ్ అని ప్రూవ్ చెయ్యడమే ఇంపార్టెంట్." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నువ్వొస్తే అడగనివాటికి కూడా పేపర్లు తీసి ఇస్తావు. నేను ఈయూ సిటిజెన్‌ని. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నువ్వే కదా మామ్ చెప్పావు?"

చెప్పాను. ఆ పేజీ చదివి వినిపించింది నేనే. పద్దెనిమిదేళ్ళ పిల్ల తల్లి లేకుండా వెళ్ళకూడదని అందులో ఎక్కడా లేదు.

బుధవారం షానన్ ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాం. సాయంత్రం మెసేజ్ వచ్చింది. దిగింది. బారులో నిలబడింది. అక్కడి మనిషి ఫోటో చూసి, మొహం చూసి, పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడు. మా ఆయనకి చదివి వినిపించాను.

"ఏమీ అడగలేదా?"

"లేదు."

"ఎన్నాళ్ళుంటావనైనా అడగలేదా?"

"అడగరండీ. అదే కదా నెలరోజులుగా మొత్తుకుంటున్నాను."

గురువారం పొద్దున తొమ్మిదికి ఇద్దరం వంటింట్లో బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. అక్కడ పది. ఇప్పుడు లోపలికి పిలిచి ఉంటారు. ఆయన కాఫీ ముట్టుకోలేదు.

"ఎన్నేళ్ళ కోర్సు?"

"ఐదున్నర."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఇరవై ఏడు దేశాల్లో ఎక్కడైనా పనిచేసుకోవచ్చు. మూడు నెలలకి మించి ఉంటే అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. వీసా లేదు, గడువు లేదు."

"రూలు అడగట్లేదు నేను." ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అక్కడే ఉండిపోతుందేమోనని. ఆ ఫారం నింపేటప్పుడు కూడా... నువ్వడిగావే, వెళ్ళకూడదనే చేశానా అని. నాకూ తెలీదు. చెయ్యలేదనే అనుకుంటున్నాను."

ముప్ఫై ఏళ్ళలో మా ఆయన ఒక మాటని తనమీదకే తిప్పుకుని అనడం నేను వినలేదు. ఆయన కప్పు తీసుకెళ్ళి కాఫీ మళ్ళీ వేడిచేసి తెచ్చి ముందు పెట్టాను.

పదింబావుకి ఫోను మోగింది. ఆయనే ముందు తీసి స్పీకరు పెట్టారు. అమ్మాయి ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతోంది. నలుగురు కూర్చున్నారట, పని అనుభవం అడిగితే దూడ సంగతి చెప్పిందట, అరచెయ్యి చూపించిందట, బయట ఒక పెద్ద గుర్రాన్ని కడుగుతున్నారట. ఫలితం రెండు వారాల్లో చెబుతారట.

"సీటొస్తే ఎప్పుడు చేరాలమ్మా?" అన్నారు ఆయన.

"అక్టోబర్, డాడ్."

ఆయన గోడమీది క్యాలెండరు తీసి, అక్టోబరు పేజీ తిప్పి, నన్ను పెన్ను అడిగారు.