కాగితం మీద పడ్డ ఒక్క పేరు

దయ్యం ఉందన్న ప్రతివాణ్ణీ రుజువు అడిగినవాణ్ణి నేను. ఊరూరా వేదికలెక్కి, గాల్లోంచి విభూతి ఎలా వస్తుందో చేసి చూపించినవాణ్ణి. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న కంప్యూటర్ ఆఫీసు ఉండేది. చనిపోయాక కళ్లు ఇస్తామని మా హేతువాద సంఘంలో సంతకాలు చేసినవాళ్ల జాబితా ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా వచ్చింది. ఏ వివరం కాగితం మీద ఎక్కడ పడాలో చెప్పే స్టైల్‌షీట్ రాసి దాన్ని అచ్చుకు పనికొచ్చేలా మార్చాలి.

ఆ ఫైలు మొదట్లో ఒక నేమ్‌స్పేస్ ఉంది. అది ఇంటిపేరు లాంటిది. పైన ఒక్కసారి రాస్తే కిందివాటన్నిటికీ వర్తిస్తుంది, కానీ కనపడదు. స్టైల్‌షీట్‌లో ఆ ఇంటిపేరు చెప్పకుండా ఒట్టి పేరుతో పిలిస్తే ఒక్కటీ పలకదు. నేను చేసిన తప్పు అదే. రావలసింది తెల్లకాగితం.

మధ్యాహ్నం రెండున్నరకు ప్రింటర్లోంచి వచ్చిన కాగితం మీద ఒక్క పేరుంది. మస్తాన్, మంగళగిరి, ఫోన్ నంబరు. మిర్చి యార్డులో కాటా వేసేవాడు. మా సభలకు మైకు మోసుకొచ్చే స్నేహితుడు.

ఆటపట్టిద్దామని ఫోన్ చేశాను.

“ఏరా మస్తానూ, జాబితా మొత్తం నువ్వే ఆక్రమించావేంట్రా?”

పలికింది అతని భార్య ఖాసింబీ. “అన్నా, మీకెవరు చెప్పారు? అన్నం తింటా పడిపోయారు. గంటయింది పోయి. కళ్లిస్తానన్నారుగా, కార్డు కనపట్టంలా, ఎవరికి చెప్పాలో తెలీటంలా. మా బావగారేమో సాయంత్రం నమాజు లోపే తీసుకెళ్దామంటన్నారు.”

“రెప్పలు మూసి తడిదూది పెట్టమ్మా. ఫ్యాన్ ఆపెయ్. వస్తన్నాం.”

ప్రాణం పోయిన ఆరు గంటల్లోపే కళ్లు తీయాలి. కంటి డాక్టరును వెంటబెట్టుకుని వెళ్లాను. గుమ్మంలో మస్తాన్ వాళ్ల అన్న అడ్డం నిలబడ్డాడు. “ఏందండీ ఇది, మనిషిని పూర్తిగా పంపనీరా?”

“ఆయన సంతకం పెట్టేటప్పుడు పక్కనే ఉన్నా బావా. జరగండి,” అంది ఖాసింబీ.

నాలుగున్నరకల్లా పని అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తులేక వట్టికాళ్లతో ఇంటికొచ్చాను.

మర్నాడు ఫైలు తెరిచాను. అతని వివరాలకూ మిగతావాళ్లవాటికీ తేడా లేదు. అన్నీ ఆ నేమ్‌స్పేస్ కిందే ఉన్నాయి. అదే స్టైల్‌షీట్ మళ్లీ నడిపాను. తెల్లకాగితం. ఇంకో కంప్యూటర్ మీద నడిపాను. తెల్లకాగితమే. తప్పు దిద్దాక అందరూ వచ్చారు. మస్తాన్ జాబితా మధ్యలో ఎక్కడో ఉన్నాడు.

ఇంకొకడెవడైనా ఇది చెబితే అబద్ధమని వేదిక మీదే కడిగేసేవాణ్ణి. కానీ ఆ కాగితం నా బీరువాలోనే ఉంది. అది దేనికి రుజువో నాకింతవరకూ తెలియలేదు.