పటేలమ్మ తిన్న ముద్ద

నా చిన్నప్పుడు, ఆరుద్ర కార్తె మొదటి బేస్తవారం, పగటి పన్నెండు గంటల దోమకొండ బస్సు పోయిన యాళ్ల, పటేలోళ్ల పొలం ఒడ్డు మీద జరిగింది ఇది.

పొద్దుగాల నుంచి నడుములు వంచి నాటేసిన ఆడోళ్లకు ఆసామి ఇంటి అన్నమే దిక్కు. ఆసామి పెండ్లాం పటేలమ్మ గంప దించింది. అండ్ల అన్నం మీదికి తెచ్చింది రెండు దినాల కిందటి తొట్టెల దావత్‌ల మిగిలిన పప్పు. పులిసిన సంగతి మాకు తెల్వకుండ చింతపులుసు పోసి, ఎల్లిపాయ పోపు పెట్టిందని తర్వాత తెలిసింది. అప్పుడు నాకేం తెల్వది. ముద్ద నోటికాడికి పోంగనే కడుపుల ఏదో మెలివడ్డది. కింద పెట్టిన.

"కూలికొచ్చిన పోరికి గింత నకరాలా? తినకుంటే మాడు," అన్నది పటేలమ్మ.

మా అమ్మమ్మ నన్ను తిట్టలే. నా ముద్ద తీసి వాసన చూసింది. అంతకుముందటి ఏడు వాళ్లింటి అన్నం తిన్నంకనే మా అమ్మ కక్కులతోని మంచంల పడ్డది. బతుకుతదనుకోలే. అప్పుడు పటేలమ్మ, "మా అన్నానికేమైంది? దాని కడుపే మంచిది కాదు," అన్నది. అమ్మమ్మ ఆ మాట మరిచిపోలే.

మోదుగాకు ఇస్తారి పరిచి, నిండ వడ్డించి, నవ్వుకుంట అన్నది: "నాట్లప్పుడు ఇంటామె మొదటి ముద్ద తింటే పంట మస్తుగొస్తదట. తినుండ్రి పటేలమ్మా."

గట్లాంటి ఆచారం మా దిక్కు ఎన్నడూ లేదు. అప్పటికప్పుడు పుట్టించింది.

"ఇయ్యాల నాకు ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దున్నోళ్ల నోరు తమలపాకుతోని గంత ఎర్రగెట్లున్నది తల్లీ?"

ఆడోళ్లు కిసుక్కున నవ్విండ్రు. ఒక్కరూ మడిలకు దిగలే. పీకిన నారు కట్టలు ఎండకు వాడిపోతున్నయి. నాటకుంటే నారంతా పోతది. పటేలమ్మ నారు దిక్కు చూసింది, ఇస్తారి దిక్కు చూసింది, కూసున్నది. ఒక ముద్ద మింగింది.

"పంట సగమే సాలా?" అన్నది అమ్మమ్మ.

ఇంకో ముద్ద మింగి, ఒడ్డు అవతలికి ఉరికి కక్కింది. నాకు పాపమనిపియ్యలే. ఇప్పటికీ అనిపియ్యది.

జరసేపటికి వాళ్లింటి నుంచి వేడి అన్నం, పచ్చిపులుసు వచ్చినయి. కడుపునిండ తిన్నంకనే నాటేసినం.

ఇప్పుడు నాకు పండ్లు లేవు. కడుపు మాత్రం గప్పటిదే. కామారెడ్డిల ఎంత పెద్ద దావత్ అయినా, అది మెలివడితే ఇస్తారి ముందు నుంచి లేస్త. "ఏం కాదు, తిను అవ్వా" అన్నోళ్లకు "ముందు నువ్వు తిను బిడ్డా" అంట. మొహమాటానికి తినుడు నాకు రాదు.

ఆ దినం ఒడ్డు మీద మా అమ్మమ్మ, మా అమ్మ, పక్కింటి అక్క, బీబీపేట నుంచి నాట్లకొచ్చిన అత్తాకోడండ్లు, నేను ఉన్నం. పటేలమ్మ కూడ ఉన్నది. ఆమెను వదిలిపెడ్తనా!